చివరి మనిషి తాగేదాకా

1916 సెప్టెంబరు 14

కొత్త డైరీ. తుర్కీవాళ్ళ ముట్టడిలో రాసుకున్న పాతదాన్ని లొంగిపోయే ముందు నా చేతులతోనే పొయ్యిలో వేశాను. ఇది రుష్దూ బే నగరం నుంచి కొనుక్కొచ్చి ఇచ్చాడు. తుర్కీ నౌకాదళంలో లెఫ్టినెంటు. నాకు కాపలా, తోడు, పాచికలాటలో ప్రత్యర్థి, అన్నీ ఆయనే. డైరీ అట్ట మీద గులాబీ పూలున్నాయి. బ్రిటిష్ మేజర్ జనరల్ రాసుకోవాల్సిన పుస్తకం కాదు. దొరికిందే భాగ్యం అనుకోవాలి.

ఈ దీవిలో నాకిచ్చిన ఇల్లు మాత్రం బాగుంది. రెండంతస్తుల చెక్క ఇల్లు, సముద్రం వైపు వరండా, వెనక పైన్ చెట్లు. పారిపోనని నా మాట ఇచ్చాను గనుక తలుపులకు తాళాలు లేవు. వంటకు ఎవాంథియా అనే గ్రీకు ముసలామె. నా ఆర్డర్లీ పర్కిస్‌ని నాతో తెచ్చుకోనిచ్చారు. అతని తమ్ముడు విల్ఫ్ మిగతా సిపాయిలతో మేము లొంగిపోయిన నది ఒడ్డునే ఉండిపోయాడు.

నా మనుషుల్ని పడవల్లో, బళ్ళల్లో జాగ్రత్తగా తరలిస్తామని శత్రు సేనాపతి నా చెయ్యి పట్టుకుని మాట ఇచ్చాడు. నన్ను ముందే మోటారు పడవలో పంపించారు. ఒడ్డున ఎండలో కూర్చున్న మావాళ్ళు నా పడవ చూసి లేచి నిలబడ్డారు. చేతులెత్తి జేజేలు కొట్టారు. ఇంజను మోతలో కేకలు సరిగా వినపడలేదు గాని చేతులు మాత్రం చూశాను. ఓడిపోయిన సైన్యం తన జనరల్‌కు జేజేలు కొట్టడం చరిత్రలో ఎన్నిసార్లు జరిగి ఉంటుంది? ఇది నా పుస్తకంలో తప్పకుండా రాయాలి.

సెప్టెంబరు 21

పుస్తకం మొదలుపెట్టాను. మొదటి అధ్యాయం, సరిహద్దు కొండల్లో నేను కెప్టెనుగా ఉన్నప్పుడు నిలబెట్టిన కోట. అప్పుడు రాణిగారు స్వయంగా నా ఛాతీకి పతకం గుచ్చారు. ముట్టడిలో కూర్చోవడం నాకు తెలిసినంతగా మన సైన్యంలో ఇంకెవరికీ తెలియదు. ఆ కోటకు సాయం వచ్చింది, మొన్న నది ఒడ్డున మేము పట్టుకుని కూర్చున్న ఊరికి రాలేదు. తేడా అంతే. నా లెక్కలో మాత్రం తప్పు లేదు.

అక్టోబరు 2

టిఫిను దగ్గర పర్కిస్ కుర్చీ వెనక కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు.

"ఏమిటి?"

"ఒక్క మాటండి సార్. మా విల్ఫ్‌గాణ్ణి ఇక్కడికి పిలిపించుకోవడానికి వీలవుతుందాండీ? వాడు ఊళ్ళో తోటమాలే కదా. ఈ తోట చూసుకుంటాడు. వాడి తిండి నా దాంట్లో పెట్టుకుంటా."

"పర్కిస్, మనం ఖైదులో ఉన్నాం. అత్తారింట్లో కాదు."

"అవునండి సార్." నా ముందున్న మార్మలేడ్ సీసా మూత బిగించి పక్కన పెట్టాడు. "వాడికి చక్కెర లేకపోతే గడవదండి. ముట్టడిలో అందరూ రొట్టె కోసం ఏడిస్తే మా వెర్రివెధవ చక్కెర కోసం ఏడ్చాడు. టీలో రెండు చెంచాలు పడాలి వాడికి. అక్కడ ఇస్తున్నారో లేదో అని."

రుష్దూ బేతో మాట్లాడతానన్నాను. మాట్లాడతాను.

అక్టోబరు 9

పొద్దున్నే కింద గొడవ. ఎవాంథియా చీపురుతో పర్కిస్‌ని గోడకు నిలబెట్టింది.

"ఈ పసుపు దుమ్ము ఎక్కడిదయ్యా? మా దీవిలో మట్టి ఎర్రగా ఉంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి దుమ్ము నేను ఊడవలేదు. నీ బూట్లు దులుపుకోకుండా లోపలికొస్తున్నావు కదూ?"

"నా బూట్లు చూసుకోవే తల్లీ. అద్దంలా ఉన్నాయి."

నేనూ వెళ్ళి చూశాను. వరండా మెట్ల మీద, గుమ్మం దగ్గర సన్నటి పసుపు దుమ్ము. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా ఉంది. దక్షిణపు గాలి మోసుకొచ్చి ఉంటుంది. ఎడారి ఎంత దూరమైనా గాలికి అడ్డేముంది. అదే ఆవిడతో చెప్పాను.

"మధ్యలో సముద్రం ఉంది పాషా," అంది. జనరల్‌ను ఇక్కడ పాషా అంటారు. "ఈ వారమంతా ఆకు కూడా కదల్లేదు."

అక్టోబరు 10

మళ్ళీ దుమ్ము. గాలి లేదు.

అక్టోబరు 23

రుష్దూ బే పాచికల్లో నన్ను వరుసగా ఓడించాడు. ఓదార్పుగా అన్నట్టు క్రిస్మస్ గురించి అడిగాడు. మా రెజిమెంటులో ఉన్న ఆచారం చెప్పాను. ఆ రోజు తెల్లవారుజామున, బ్యూగిల్ ఊదకముందే, ఆఫీసర్లే రమ్ము కలిపిన వేడి టీ పట్టుకెళ్ళి సిపాయిల పక్కల దగ్గర పోస్తారు. కర్నలైనా జనరలైనా సరే, ఆ పూట నౌకరే. చివరి మనిషి తాగేదాకా ఏ ఆఫీసరూ గుక్క తాగడు, కూర్చోడు, అక్కణ్ణించి వెళ్ళిపోడు.

"మా జనరల్ పొద్దున్నే నా మంచం దగ్గరకు టీ తెస్తే నేను భయంతోనే చస్తాను పాషా," అన్నాడు రుష్దూ బే. "ఉరి తీసే ముందు మర్యాద చేస్తున్నారనుకుంటాను."

నవ్వుకున్నాం. కిందటి క్రిస్మస్ సంగతి కూడా చెప్పాను. ముట్టడి అప్పుడే బిగిసింది. కందకాల్లో మోకాలి లోతు బురద. కెటిల్ నేనే పట్టుకుని ఒక్కొక్కరి మగ్గులో పోసుకుంటూ వెళ్ళాను. వచ్చే క్రిస్మస్‌కు మీరెక్కడుంటే అక్కడికొచ్చి ఇలాగే పోస్తానని మాట ఇచ్చాను. పర్కిస్ తమ్ముడే అనుకుంటాను, చలికి వణుకుతూ, "అయితే మగ్గు పారేసుకోకుండా దాచుకుంటాం సార్," అన్నాడు. అందరూ నవ్వారు. అప్పుడూ జేజేలు కొట్టారు.

రుష్దూ బే పాచికలు చేతిలోనే పట్టుకుని వెయ్యడం మరిచిపోయాడు. "అందరికీ అలా మాట ఇచ్చారా?" అన్నాడు.

"సైన్యంలో ఉత్సాహం నిలపాలి కదా."

నిజానికి విల్ఫ్ సంగతి అడగాల్సింది ఇప్పుడే. ఆట మళ్ళీ మొదలైంది, వదిలేశాను.

నవంబరు 5

మంచి కబురు. నగరంలోని పెద్దలు నాకు క్రిస్మస్ విందు ఇస్తారట. తటస్థ దేశాల పత్రికలవాళ్ళు కూడా వస్తారు. నేను లేచి నాలుగు మాటలు మాట్లాడాలి. నా సిపాయిలను మర్యాదగా చూసుకుంటున్నారు, అందరూ క్షేమం, నేను తృప్తిగా ఉన్నాను, అంతే. దానికి బదులుగా నా భార్య సిసిలీని స్విట్జర్లాండు మీదుగా ఈ దీవికి రానిస్తారు. యుద్ధం అయ్యేదాకా ఇద్దరం ఇక్కడే ఉండొచ్చు.

సిసిలీని చూసి రెండేళ్ళు దాటింది. వస్తుందన్న మాట వినగానే గుండె ఎంత వేగంగా కొట్టుకుందో రాయడానికి సిగ్గుగా ఉంది. ఈ వయసులో.

ఆ నాలుగు మాటల్లో అబద్ధమేముంది? నాకు తెలిసినంతవరకు అందరూ క్షేమమే. కాదని నాతో ఎవరూ చెప్పలేదు.

నవంబరు 12

రుష్దూ బేను పిలిచి సిసిలీ కోసం కొన్ని ఏర్పాట్లు అడిగాను. పై గదికి కొత్త తెరలు, ఒక పియానో, కాస్త మంచి టీ. అన్నీ రాసుకున్నాడు.

సాయంత్రం పర్కిస్ బూట్లు తుడుస్తూ తల ఎత్తకుండా, "అడిగారాండీ సార్?" అన్నాడు.

"పియానో వస్తుంది."

రెండో బూటు అందుకున్నాడు. "బూట్ల లోపల కూడా దుమ్ము పడుతోందండి. బీరువాలో పెట్టి తాళం వేసినవి కూడా," అన్నాడు. చూపించాడు. బోర్లిస్తే పిడికెడు పసుపు దుమ్ము నేల మీద పడింది. నేను అక్కణ్ణించి వచ్చేశాను.

నవంబరు 19

తెల్లారి వరండాలోకి వెళితే రెయిలింగు మీద మగ్గులు. తెల్ల ఎనామిల్ మగ్గులు, నీలం అంచు, సొట్టలు, కొన్నింటికి చెవి లేదు. మన సైన్యంవే. అన్నీ బోర్లించి, వరుసలో, ఇన్‌స్పెక్షనుకు పెట్టినంత పద్ధతిగా ఉన్నాయి.

పర్కిస్‌ను పిలిచి గట్టిగానే అరిచాను. ఇవెక్కడివి, ఎవరిని అడిగి పెట్టావు అని.

"నా దగ్గర ఒక్కటే మగ్గు ఉందండి సార్. అది వంటింట్లో మేకుకు వేలాడుతోంది. కావాలంటే చూడండి."

చూశాను. వేలాడుతోంది. తిరిగి వచ్చేసరికి రెయిలింగు ఖాళీ. మగ్గులున్న చోట దుమ్ములో గుండ్రటి గుర్తులు మాత్రం ఉన్నాయి. ఎవాంథియా మెట్ల దగ్గర శిలువ గుర్తు వేసుకుంటోంది. ఆవిడకు ఏదీ చెప్పకూడదు, ఊరంతా చాటుతుంది.

నాకు నిద్ర సరిపోవడం లేదు. కళ్ళు మోసం చేస్తాయి.

డిసెంబరు 3

ఈ రోజు అడిగేశాను. మొదట విల్ఫ్ గురించి, తర్వాత అందరి గురించి.

రుష్దూ బే సముద్రం వైపు తిరిగాడు. మంచివాడు, అబద్ధం చెప్పడం చేతకాదు. "పాషా, ఆ ప్రశ్న విందు అయ్యాక అడగండి."

"ఎందుకు?"

"అప్పటికి మీరు మాట్లాడేసి ఉంటారు. తర్వాత తెలిసినా మీ తప్పు ఉండదు."

"పడవల్లో తీసుకెళ్ళారా లేదా?"

"మా దగ్గర మా సైన్యానికే పడవలు లేవు పాషా." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా పెద్దన్న మీవాళ్ళతో ఆ ఎడారి దారిలోనే కాపలాకి నడిచాడు. ఇంటికొచ్చాక కుండ పక్కన పెట్టుకుని పడుకుంటున్నాడు. నీళ్ళు ఎవరూ ఎత్తుకుపోకుండా. ఇంతకన్నా నన్ను అడక్కండి. నాకూ పిల్లలున్నారు."

పర్కిస్ అడిగితే, ఇంకా కబురు రాలేదన్నాను. అది అబద్ధం కాదు. విల్ఫ్ పేరు రుష్దూ బే ఎత్తలేదు.

డిసెంబరు 4

నది ఒడ్డున వాళ్ళు జేజేలే కొట్టారు. రెండు చేతులూ ఎత్తలేదు, ఒక్కొక్క చెయ్యే ఎత్తారు. జేజేలకు ఒక్క చెయ్యి చాలు.

డిసెంబరు 11

పియానో వచ్చింది. శ్రుతి లేదు.

డిసెంబరు 17

దుమ్ము ఇప్పుడు మెట్ల మీద ఆగడం లేదు. హాలు దాటి, మెట్లెక్కి, నా గది గుమ్మం దాకా వచ్చింది. అడుగులు కూడా కనిపిస్తున్నాయి. బూట్ల గుర్తులు కొన్ని, ఉత్త పాదాలవి ఎక్కువ. గుమ్మం దగ్గర ఆగిపోతాయి. లోపలికి రావు. సిపాయి పిలవనిదే జనరల్ గదిలోకి ఎందుకు వస్తాడు? ఈ మాట రాసి, మళ్ళీ చదువుకుని, లేచి తలుపు గడియ పెట్టాను.

ఎవాంథియా నాలుగు రోజులుగా చీకటి పడకముందే పెద్ద కూజాతో నీళ్ళు పెట్టి వెళుతోంది, వరండా మెట్ల మీద. ఎందుకని అడిగాను.

"దూరం నుంచి వచ్చినవాళ్ళకు పెడతాం మేము. మా అమ్మ పెట్టేది, వాళ్ళమ్మ పెట్టేది."

"ఎవరు వచ్చారని?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీ చుట్టాలే కదా పాషా. నన్ను అడుగుతారేంటి?"

పొద్దున కూజా ఖాళీగా ఉంటోంది. పిల్లులు తాగి ఉంటాయి. ఈ దీవి నిండా పిల్లులే.

డిసెంబరు 18

పిల్లి కూజాలో తల పెట్టలేదు. కూజా మెడ సన్నం.

డిసెంబరు 24

రేపు ఎనిమిదింటికి నగరం నుంచి మోటారు పడవ వస్తుంది. యూనిఫారం ఇస్త్రీ అయింది, పతకాలు మెరుస్తున్నాయి. చెప్పాల్సిన నాలుగు మాటలు అద్దం ముందు చెప్పుకుని చూశాను. 'అందరూ క్షేమం' దగ్గర గొంతు పట్టేసింది. చలి. తేనె వేసుకున్నాను.

సిసిలీ ప్రయాణం పత్రాలు రుష్దూ బే జేబులో ఉన్నాయట. నేను మాట్లాడి కూర్చోగానే సంతకం పెడతారు.

సాయంత్రం పర్కిస్ తలుపు దగ్గర అటెన్షన్‌లో నిలబడ్డాడు. మామూలుగా అలా నిలబడడు.

"రేపు క్రిస్మస్ అండి సార్."

"తెలుసు."

"ఈ ఇంట్లో సిపాయి అంటే నేనొక్కణ్ణే. ఆఫీసరంటే తమరే." గొంతు సవరించుకున్నాడు. "నాకు టీ ఎవరు తెస్తారా అని ఆలోచిస్తున్నాను."

ఇన్నాళ్ళలో మొదటిసారి నన్ను నవ్వించాడు. "నేనే తెస్తాను. మంచం మీంచి లేవకు. లేస్తే కోర్టు మార్షలే."

"అలాగేనండి సార్." వెళ్ళబోయి ఆగాడు. "కాస్త పెద్ద కెటిల్ పెట్టండి."

డిసెంబరు 25

ఇంకా చీకటి విడకముందే లేచాను. వంటింట్లో నేనే పొయ్యి వెలిగించాను. యూనిఫారం మీద ఎవాంథియా ఏప్రన్ కట్టుకున్నాను. కెటిల్ నిండా టీ కాచి, రమ్ము లేదు గనుక రుష్దూ బే ఇచ్చిన బ్రాందీ సీసా మొత్తం వంపాను. మేకుకున్న మగ్గు తీసి వెనక గదిలోకి వెళ్ళాను.

పర్కిస్ మంచం మీద కూర్చునే ఉన్నాడు, గుండీలన్నీ పెట్టుకుని. రాత్రంతా అలాగే ఉన్నట్టున్నాడు. టీ పోశాను. మెల్లగా తాగి, ఖాళీ మగ్గు నాకిచ్చాడు.

"ఇంక మిగతావాళ్ళకండి సార్."

"ఎవరికి?"

"వరండాలో ఉన్నారు కదండీ. తమరే వస్తారని ఇన్నాళ్ళూ కూర్చున్నారు. నేను పోస్తానంటే వద్దన్నారు. జనరల్‌గారు మాట ఇచ్చారు అన్నారు." మంచం కింద నుంచి చక్కెర డబ్బా తీశాడు. నా కోసం రోజూ వచ్చే చక్కెరలోంచి తన వాటాగా మిగుల్చుకున్నదట. డబ్బా నిండుగా ఉంది. "పదండి. నేను పట్టుకుంటాను."

వెళ్ళాను. వద్దనుకునేంత ధైర్యం లేకపోయింది. అదే నిజం.

వరండాలో వాళ్ళు లేచి నిలబడ్డారు. పసుపు దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు, చీలిన పెదాలు, మోకాళ్ళ దగ్గర వేలాడుతున్న గుడ్డపీలికలు. చప్పుడు లేదు. ఊపిరి కూడా వినపడలేదు, చలిలో ఒక్క నోటి దగ్గరా ఆవిరి లేదు. అందరూ ఒక్కసారే చెయ్యి పైకెత్తారు. చేతిలో మగ్గు ఉంది.

అదే ఎత్తడం. నది ఒడ్డున ఎత్తిందీ ఇదే.

పోయడం మొదలుపెట్టాను. మగ్గు నిండుతుంది, వాళ్ళు తాగుతారు, బోర్లిస్తారు, పక్కకు తప్పుకుంటారు. ఒక్క చుక్క నేల మీద పడలేదు. పర్కిస్ నా పక్కన నడుస్తూ ఒక్కొక్కరికీ ఒక చెంచా చక్కెర వేశాడు. ఒక చోట చెంచా ఆగింది. తర్వాత రెండు చెంచాలు వేశాడు.

"మావాడికి తీపెక్కువండి సార్," అన్నాడు నాతో. గొంతు మామూలుగానే ఉంది. చెంచా ఒక్కటే డబ్బా అంచుకు కొట్టుకుంటోంది.

విల్ఫ్ పర్కిస్ టీ తాగి మగ్గు అడుగు చూసుకున్నాడు. "మగ్గు దాచుకున్నానండి సార్," అన్నాడు. తర్వాత చాలా మర్యాదగా, నన్ను నొప్పించకూడదన్నట్టు, "ఆ రోజు నీళ్ళకని పిలిచాం. పడవ మోతలో తమకు వినపడలేదనుకుంటా," అన్నాడు.

వినపడలేదని చెప్పడానికి నోరు తెరిచాను. చూశాను కదా. చూశాను. అతను పక్కకు తప్పుకున్నాడు. వెనకవాడు మగ్గు చాపాడు.

రేవులో మోటారు పడవ వచ్చి ఆగింది. రుష్దూ బే కొత్త కోటుతో దిగి, దారి మొదట్లోనే నిలబడిపోయాడు. "పాషా, వేళయింది," అని అక్కణ్ణించే పిలిచాడు. "పెద్దలందరూ ఎదురుచూస్తున్నారు. అమ్మగారి పత్రాలు నా దగ్గరే ఉన్నాయి."

సిసిలీ పై గదిలో కొత్త తెరలు వేలాడుతున్నాయి. ఆమె మెట్లెక్కి వచ్చే చప్పుడు ఎన్నిసార్లు ఊహించుకున్నానో. చేతిలో కెటిల్ దించి, మెట్లు దిగి, పడవెక్కితే చాలు.

"ఇంకా అందరూ తాగలేదు," అన్నాను.

"ఎవరు పాషా?"

ఇంకో మగ్గులో పోశాను. ఆయన నా ఏప్రన్ చూశాడు, కెటిల్ చూశాడు. తర్వాత మెట్ల వైపు, తోట వైపు, తన వెనక రేవు దాకా మెల్లగా చూశాడు. ఏం కనబడిందో ఏమో, దారి మధ్యలోంచి గడ్డి మీదికి తప్పుకున్నాడు. ఇరుకు వీధిలో శవయాత్రకు తప్పుకున్నట్టు తప్పుకుని, టోపీ సరిచేసుకుని, నాకు కాదు, ఆ దారికి సెల్యూట్ చేశాడు. జేబులోంచి పత్రాలు తీసి ఒకసారి చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. పడవ ఆయన్ను తీసుకుని వెళ్ళిపోయింది. ఇంజను మోత దూరమయ్యేదాకా ఎవరూ మగ్గు దించలేదు.

సిసిలీ రాదు. నా కళ్ళు తడిశాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

సాయంత్రం

చక్కెర అయిపోయింది. ఎవాంథియా దగ్గర ఇంకేమైనా ఉందేమోనని లోపలికి వచ్చాను. ఆవిడ తనకున్నదంతా గిన్నెలో పోసి బల్ల మీద పెట్టి, చర్చికి వెళ్ళింది. డైరీ కనబడింది, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పర్కిస్ బయట పిలుస్తున్నాడు. వరుస మెట్లు దిగి, పైన్ చెట్ల కింద నుంచి, రేవు దాటి నీళ్ళ మీదికి వెళ్ళింది. అవతల చివర కనబడటం లేదు. ఎవరూ తొందర పెట్టడం లేదు. కెటిల్ పొద్దున ఎంత బరువుందో ఇప్పుడూ అంతే ఉంది, వేడి తగ్గలేదు. నాకూ దాహంగానే ఉంది.

కుర్చీ పక్కనే ఉంది. ఇది నిలబడే రాశాను.